సరిహద్దు ఊళ్లలో స్థానిక చరిత్ర ప్రసంగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఆంధ్ర సరిహద్దుకి ఒడిశా వైపున్న ఈ పట్నాల్లో తెలుగువాళ్లు ఊరి చరిత్ర మీద ప్రసంగం పెట్టాలనుకున్న ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయి. వాటిని అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచి ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది.

## అనుకున్నప్పుడు

మా ఊళ్లో కోట లేదు, శాసనం లేదు. చెప్పుకోవడానికి చరిత్ర ఏముందండీ?

ముప్పావు గంటలో ఒదిగేదీ, వినేవాళ్లలో సగం మందికి ఇంట్లో జ్ఞాపకం ఉన్నదీ ఒకటి చాలు. నౌపడా–పర్లాకిమిడి చిన్నరైలునే తీసుకోండి. 1900లో మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల ఆరంగుళాలు. 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. 2004లో ఆగిపోయి 2011లో పెద్ద లైనుగా తిరిగొచ్చింది. నౌపడాలో ఉప్పు మళ్లు, పర్లాకిమిడిలో రాజావారి సంస్థానం, గుణుపురం చుట్టూ కొండ సరుకు. ఈ మూడింటినీ ఆ రైలు ఎలా కలిపిందో చెబితే అదే ఒక ప్రసంగం.

రంగం వలస ఇంకో మంచి విషయం. గోపాలపురం, బారువ, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లెక్కి రంగూన్ వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు ఈ తీరంలో ఎన్నో ఊళ్లలో ఉన్నారు. 1942లో యుద్ధం తరిమితే అడవుల గుండా నడిచి వచ్చినవాళ్ల మాటలు ఆ ఇళ్లలో ఇంకా వినబడతాయి. వారపు సంత, ఊరి చెరువు, దేవాంగుల మగ్గం, ఇవన్నీ విషయాలే. "కళింగ చరిత్ర" లాంటి పేరు మాత్రం పెట్టకండి. రెండు వేల ఏళ్లని గంటలో చెప్పబోతే రాజుల పేర్ల జాబితా తప్ప ఏమీ మిగలదు.

ప్రొఫెసర్ గారినే పిలవాలా? మా ఊరి పెద్దాయనకి అన్నీ తెలుసు.

ఇద్దరూ కావాలి. పనులు మాత్రం వేరు. కాగితం, శాసనం చదవగలిగినవారు 35 నిమిషాలు చెప్పాలి. చూసిన పెద్దాయన 10 నిమిషాలు తాను కళ్లారా చూసింది, తన తాత చెప్పగా విన్నది చెప్పాలి. ఏది చూసింది, ఏది విన్నది అని వేదిక మీదే విడదీసి అడగడానికి ఒకరిని పక్కన కూర్చోబెట్టండి. పెద్దాయనకి మైకు ఒంటరిగా ఇచ్చేస్తే పది నిమిషాలు నలభై అవుతాయి. అది ఆయన తప్పు కాదు, అడిగి చెప్పించేవాళ్లు లేకపోవడం వల్ల జరుగుతుంది.

ప్రసంగం తెలుగులో ఉండాలా, ఒడియాలోనా?

ఎవరు వస్తారో దాన్ని బట్టి. పర్లాకిమిడిలో, బరంపురం పాత పేటల్లో తెలుగు సరిపోతుంది. అయినా పక్కింటి ఒడియావాళ్లు కూడా రావాలి, ఎందుకంటే ఆ చరిత్ర వాళ్లదీనూ. వాక్యం వాక్యానికీ అనువాదం చెప్పించవద్దు. 40 నిమిషాల ప్రసంగం 80 అవుతుంది, ఇద్దరికీ విసుగు పుడుతుంది. ప్రతి పావుగంటకీ ఒకసారి ఆగి, మూడు నిమిషాల్లో ఒడియా సారాంశం చెప్పించండి. తెర మీద శీర్షికలు, ఊళ్ల పేర్లు రెండు లిపుల్లోనూ ఉంచండి. కరపత్రం కూడా రెండు భాషల్లో ఉండాలి. ఒక పక్క తెలుగు, వెనక పక్క ఒడియా అని కాకుండా ఒకే పక్క రెండూ ఉంటే బాగుంటుంది. వెనక్కి తిప్పి చదివేవాళ్లు తక్కువ.

ఏ నెలలో పెడితే జనం వస్తారు?

ఆషాఢ శ్రావణాల్లో నాట్లు, మార్గశిరంలో కోతలు, నూర్పులు. పల్లెల్లో ఆ రోజుల్లో పెట్టకండి. తుపానుల భయం వల్ల అక్టోబరు, నవంబరుల్లో ఆరుబయట పెట్టడం మంచిది కాదు. కోతలయ్యాక సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా అన్నిటికన్నా అనువైన కాలం. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ యాత్ర రోజుల్లో వేరే సభ పెడితే హాలు ఖాళీగా ఉంటుంది. ఆ యాత్రకి ముందు నెలలో, యాత్ర గురించే ప్రసంగం పెడితే నిండుతుంది.

## సమాచారం సేకరించేటప్పుడు

మా ఊరి పాత కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? భువనేశ్వర్ వెళ్తే లేవంటున్నారు.

1936లో ఒరిస్సా విడి రాష్ట్రమైంది. అంతకు ముందు మీ ఊరు ఏ జిల్లాలో ఉండేదో మొదట తేల్చుకోండి. ఈ ప్రాంతంలో కాగితం వెతికేవాళ్లలో చాలామంది దారి తప్పేది ఇక్కడే.

గంజాం, పర్లాకిమిడి వైపు ఊళ్లు మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోవి. జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపురం, మల్కన్‌గిరి ఊళ్లు విశాఖపట్నం జిల్లాలోవి. కోరాపుట్ అనే జిల్లాయే 1936లో పుట్టింది. కాబట్టి జయపురం గురించి గంజాం దస్త్రాల్లో వెతికి ప్రయోజనం లేదు. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు చూడాలి. 1936కి ముందరి రెవెన్యూ ఉత్తరప్రత్యుత్తరాలు చెన్నై ఎగ్మోరులో ఉన్న రాష్ట్ర ప్రాచీన పత్రాగారంలో ఉంటాయి. 1936 తర్వాతవి భువనేశ్వర్‌లో, జిల్లా కేంద్రాల రికార్డు గదుల్లో వెతకాలి.

సరిహద్దుకి ఆంధ్ర వైపు మిగిలిన టెక్కలి, ఇచ్ఛాపురం వైపు ఊళ్లు 1936లో విశాఖపట్నం జిల్లాకి వెళ్లి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అటు మారాయి. గజపతి, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాలు 1992లో ఏర్పడ్డవి. అంటే గజపతి జిల్లాలోని ఒక ఊరి కాగితం 1992కి ముందైతే ఛత్రపురంలోనూ, 1936కి ముందైతే మద్రాసు దస్త్రాల్లోనూ ఉండొచ్చు. వెళ్లేముందు ఊరి పేరు, తాలూకా, జమీందారీ పేరు, కావలసిన ఏడాది ఒక చీటీ మీద రాసుకోండి. జమీందారీ పేరు లేకపోతే గుమాస్తా సాయం చేయాలనుకున్నా చేయలేరు.

పాత పత్రంలో ఫసలీ, శకం, అంకం అని ఉంటాయి. మన లెక్కలోకి ఎలా మార్చాలి?

శక సంవత్సరానికి 78 కలపండి. తేదీ జనవరి నుంచి ఉగాది లోపు పడితే 79.

ఫసలీ అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం. దానికి 590 కలపండి. మద్రాసు లెక్కలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా. మార్చి నెల కాగితాన్ని మొదటి ఏడాదిలో వేసేయడం తరచు జరిగే పొరపాటు.

సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే చాలదు. ధాత అంటే 1876–77 కావచ్చు, 1936–37 కావచ్చు, 1996–97 కావచ్చు. పత్రంలో ఉన్న జమీందారు పేరో, అధికారి పేరో పట్టుకుని తేల్చాలి.

అసలు చిక్కంతా అంకంతో. ఒడియా రాజుల పాలనా సంవత్సరాల లెక్క అది. అందులో 1 లేదు, 6 లేదు. 6తో ముగిసే అంకెలు, 0తో ముగిసే అంకెలు వదిలేస్తారు. 10 మాత్రం ఉంచుతారు. కొత్త అంకం భాద్రపద శుద్ధ ద్వాదశినాడు మొదలవుతుంది. కాబట్టి "25వ అంకం" అంటే 25వ ఏడు కాదు. 1, 6, 16, 20 తీసేస్తే అది 21వ ఏడు. తెలుగు చదువరులు దీన్ని నేరుగా లెక్కేసి నాలుగైదు ఏళ్లు తప్పు చెబుతుంటారు. ఒడియా తెలిసిన శ్రోత లేచి సరిచేస్తే మిగతా ప్రసంగం మీద కూడా నమ్మకం పోతుంది.

గుడి మీద శాసనం ఉంది. సుద్ద రాస్తే అక్షరాలు బాగా కనబడతాయంటున్నారు, రాయొచ్చా?

వద్దు. సుద్ద, పసుపు, నూనె, సున్నం ఏదీ రాయకండి. రాతి రంధ్రాల్లోకి దిగి అక్షరం అంచులు ఊడతాయి. సాయంత్రం పూట ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీయండి. లేదంటే చీకట్లో టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టండి. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, మూడు ఫొటోలు తీస్తే ఒకదాంట్లో కనబడని గీత ఇంకోదాంట్లో కనబడుతుంది. కొలత తెలియడానికి పక్కన ఒక స్కేలు పెట్టండి. కాగితం తడిపి అద్ది అచ్చు తీయడం నేర్చినవాళ్లు చేసే పని. రక్షిత కట్టడాల దగ్గర దానికి పురావస్తు శాఖ అనుమతి ఉండాలి.

అశోకుడి శాసనం మా జిల్లాలో ఉందని చెబుతాం. దాని గురించి ఏం చెప్పాలో కచ్చితంగా చెప్పండి.

గంజాం జిల్లాలో పురుషోత్తమపురం దగ్గర, ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల్లో 11, 12, 13 భువనేశ్వర్ దగ్గరి ధౌలిలో లాగే ఇక్కడా లేవు. వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. ఇక్కడివి సమాప అనే పట్నపు అధికారులనుద్దేశించినవి. పదమూడోది కళింగ యుద్ధంలో చచ్చినవాళ్ల సంఖ్య చెప్పే శాసనం. ఆ యుద్ధం జరిగిన నేల మీదే ఆ మాట లేకపోవడం శ్రోతల్ని నిటారుగా కూర్చోబెడుతుంది. ఎందుకు వదిలేశాడో ఊహించి చెప్పొచ్చు, కానీ అది ఊహ అని చెప్పి మరీ చెప్పండి.

ముసలివాళ్ల మాటలు రికార్డు చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

ముందు అడిగి ఒప్పించుకోండి. ఆ ఒప్పుకోలు కూడా రికార్డు మొదట్లో ఉండాలి. ఫోనుని వాళ్ల ముందు చేతి దూరంలో, గుడ్డ మీద పెట్టండి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు చప్పుడే వినబడుతుంది. ఫ్యాను ఆపండి. గంటకి మించొద్దు. "రంగం ఎప్పుడెళ్లారు" అని అడిగితే ఏడాది చెప్పలేరు. "పెళ్లయ్యాకా, ముందా? పెద్ద తుపానుకి ముందా, తర్వాతా?" అని అడగండి. పాత కొలతలు, కుంచం, తూము, భరణం వస్తే ఆ ఊరి లెక్క ఎంతో అక్కడే అడిగి రాసుకోండి. ఊరికి ఊరికీ మారతాయి, ఇంటికొచ్చాక కేజీల్లోకి మార్చబోతే తప్పుతుంది.

ఊరి పేరుకి అర్థం చెప్పమంటారు. ఎలా?

పాత కాగితంలో పేరు ఎలా ఉందో మూడు వేర్వేరు కాలాల నుంచి చూపించి ఆగండి. పురం, పేట, వలస ఉంటే తెలుగు తీరు. సాహి ఉంటే ఒడియా తీరు. కోరాపుట్ వైపు గుడా ఎక్కువ. కొండ ఊళ్లకి సవర, కువి అనే కొండ భాషల పేర్లు ముందునుంచీ ఉండి, గుమాస్తా చెవికి వినబడినట్టు తెలుగులోనో ఒడియాలోనో రాసినవి చాలా ఉంటాయి. అలాంటి పేరుని సంస్కృతంతో విడదీసి పురాణ కథ అల్లడం ఆ ఊరివాళ్ల భాషని తుడిచేయడమే. ఆ భాష మాట్లాడేవాళ్లని ముందు అడగండి.

## ప్రసంగం తయారు చేసేటప్పుడు

1936లో మనకి అన్యాయం జరిగింది కదా. అది గట్టిగా చెప్పొద్దా?

చెప్పండి, కానీ కాగితాలతో చెప్పండి. ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దు సంఘం 1931లో ఏర్పడింది, 1932లో నివేదిక ఇచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఆరు జిల్లాలతో మొదలైంది. పర్లాకిమిడి సంస్థానం రెండు ముక్కలైంది. పట్నం ఒరిస్సాకి వెళ్లింది, భూమిలో ఎక్కువ భాగం మద్రాసులో ఉండిపోయింది. ఆ పట్నపు మహారాజు కృష్ణచంద్ర గజపతి 1937లో ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. దశాబ్దాలు అక్కడ పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1936లోనే ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఈ రెండూ ఒకే పట్నంలో జరిగినవి. రెండూ చెబితేనే ఆ రోజు అర్థమవుతుంది.

ఆనాడు తెలుగువాళ్లూ అర్జీలు పెట్టారు, ఒడియావాళ్లూ పెట్టారు. ఒకటి తెలుగు అర్జీ, ఒకటి ఒడియా అర్జీ పక్కపక్కన తెర మీద వేయండి. ఇద్దరూ జనాభా లెక్కలనే ఆధారం చేసుకున్నారు, లెక్క రాసినవాళ్లనే తప్పుపట్టారు. ఇది చూపిస్తే హాల్లో కోపం తగ్గి కుతూహలం పెరుగుతుంది. ఆంధ్ర, ఒడిశాలు రెండూ తమవేనంటున్న కోటియా ఊళ్ల లాంటి ఇప్పటి తగాదా ఎవరైనా ఎత్తితే రెండు రాష్ట్రాల వాదనా చెరో రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లండి. తీర్పు చెప్పడం ప్రసంగీకుడి పని కాదు.

గిడుగు వారి మీద ఏటా ఆగస్టు 29న చెబుతూనే ఉన్నాం. కొత్తగా ఏం చెప్పాలి?

వ్యావహారిక భాష ఉద్యమం అందరికీ తెలుసు. సవర పని గురించి చెప్పండి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర మాట్లాడేవాళ్ల దగ్గర ఆ భాష నేర్చారు. వ్యాకరణ గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1936లోనే మంగెయి గొమాంగో సవరకి సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని తయారు చేశారు. ఈ రెండు పనుల్నీ ఒకే వేదిక మీద పెట్టండి. నిఘంటువులోంచి ఇరవై మాటలు ఎంచి, ఇద్దరు సవర పెద్దలని వేదిక మీదికి పిలిచి, ఆ మాట ఇప్పుడు ఎలా అంటారో పలికించండి. కొన్ని మాటలు మారి ఉంటాయి, కొన్ని పోయి ఉంటాయి. వాళ్లకి దారి ఖర్చులూ, రోజు కూలీ నష్టపోతే అదీ ముందే ఇచ్చేయండి.

మల్కన్‌గిరి వైపు స్వాతంత్ర్యోద్యమం అంటే అల్లూరి తప్ప ఎవరున్నారు?

గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్ ఉన్నారు. 1942 ఆగస్టు 21న మథిలి పోలీసు ఠాణా దగ్గర కాల్పులు జరిగాయి. ఆ కేసులో ఆయనని 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరితీశారు. బరంపురంలో ప్రసంగమైతే ఆ తేదీకి దగ్గరగా పెట్టండి.

నాటకం, పాట గురించి ప్రసంగం పెడితే ప్రదర్శన కూడా ఉండాలా?

ఉండాలి, కానీ చిన్న ముక్క. గంజాం ప్రహ్లాద నాటకం మంచి ఉదాహరణ. ఇవాళ అది ఒడిశా కళగా పేరుపడింది. పుట్టింది మాత్రం జలంత్ర సంస్థానంలో, అంటే ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో. సరిహద్దు గీత కళ మధ్య నుంచి పోయిందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ నాటకానికి వాడే మెట్ల వేదిక మొత్తం కట్టించనవసరం లేదు. గాయకుడు, మద్దెల, హార్మోనియం, ఒక పాత్రధారి చాలు. ఏడు నిమిషాల ముక్క, తర్వాత పది నిమిషాల వివరణ, మళ్లీ అదే ముక్క వేయించండి. రెండోసారి చూసినప్పుడు జనం వేరేగా చూస్తారు.

ఎన్ని పేజీలు రాసుకోవాలి? ఎన్ని బొమ్మలు?

నిదానంగా చెబితే తెలుగులో నిమిషానికి 80–90 మాటలు నడుస్తాయి. 40 నిమిషాలకి 3,200–3,600 మాటలు. బొమ్మలు 20కి మించొద్దు. మొదటిది పటం. పదిహేను నిమిషాలకోసారి అదే పటం మళ్లీ రావాలి. తెర మీద అక్షరం 28 సైజుకి తగ్గకూడదు. ఫైలుని పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. వేరేవాళ్ల లాప్‌టాప్‌లో తెలుగు, ఒడియా ఫాంట్లు లేక ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. పీడీఎఫ్‌లో ఆ బెడద ఉండదు.

పాత గెజిటీర్లలో కులాల గురించి, కొండవాళ్ల గురించి చెడ్డ మాటలున్నాయి. చదివి వినిపించాలా?

ఆ పేరా అవసరమైతే అది ఎవరు, ఏ ఏట, ఏ ఉద్యోగంలో ఉండి రాశారో ముందు చెప్పండి. తిట్టుని తిట్టుగా చదవకుండా "ఇక్కడ అవమానించే మాట వాడారు" అని చెప్పి దాటండి. ఆ కులం వాళ్లు ముందు వరసలో కూర్చుని ఉంటారని అనుకునే రాయండి.

## సభ రోజున

సభ ఆరున్నరకి అంటే ఎనిమిదింటికి మొదలవుతోంది. ఏం చేయాలి?

దీపం, స్వాగతం, దుశ్శాలువాలు, అతిథుల మాటలు అన్నీ కలిపి 12 నిమిషాలని రాసి, వేదిక మీద అందరికీ ఇవ్వండి. సన్మానాలు ప్రసంగం తర్వాతే. ముందు పెడితే ముసలివాళ్లు, పిల్లల తల్లులు అసలు విషయం మొదలుకాకముందే లేస్తారు. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకరు వాడకూడదన్నది చట్టం కూడా.

మైకు, కరెంటు విషయంలో ఏం జాగ్రత్త?

మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. స్పీకర్లు ప్రసంగీకుడి వెనక ఉంటే కీచుమంటాయి, ముందుకు జరపండి. కరెంటు పోతే ప్రొజెక్టరు మళ్లీ వెలగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కాబట్టి పటాన్ని గుడ్డ మీద పెద్దగా అచ్చు వేయించి పక్కన తగిలించండి. 60 మంది వస్తారనుకుంటే 45 కుర్చీలే వేసి, మిగతావి గోడవార ఉంచండి. ఖాళీ ముందు వరస చూస్తే చెప్పేవాళ్లకి గొంతు పడిపోతుంది.

ప్రశ్నల సమయంలో ఒకరే మాట్లాడేస్తున్నారు.

చిన్న కాగితాలు పంచి రాసిమ్మనండి, ఒడియాలో రాసినా సరే. ఆడవాళ్లు, పిల్లలు లేచి అడగరు కానీ రాసిస్తారు. కాగితం వెనక "మీ ఇంట్లో దీనికి సంబంధించిన ఫొటోగానీ పత్రంగానీ ఉందా" అని అచ్చు వేయించండి. తర్వాతి ప్రసంగానికి కావలసినవి అందులోనే దొరుకుతాయి.

## తర్వాత

ఒకాయన తాటాకు గ్రంథం, రాగిరేకు తెచ్చారు. తీసుకుని దాచొచ్చా?

తీసుకోకండి. అక్కడే ఫొటో తీసి, కొలతలు, ఆకుల లెక్క రాసుకుని ఆయనకే ఇచ్చేయండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువులు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు పురావస్తువులే. కొన్ని రకాలని నమోదు చేయించాలి, దేశం దాటించకూడదు. భూమిలో దొరికినదైతే 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకి తెలపాలి. రాగిరేకుని చింతపండుతో తోమొద్దని ఆయనకి గట్టిగా చెప్పండి. మెరుపు వస్తుంది, అక్షరం పోతుంది. తాటాకు కట్టని తడి చేత్తో విప్పకూడదు. అంటుకున్న ఆకుల్ని గోటితో లాగకూడదు. ఒడియా కరణి లిపిలో (కరణాల గొలుసుకట్టు రాత) ఉంటే తెలుగువాళ్లకి అర్థం కాదని పక్కన పడేయకండి. ఈ ప్రాంతపు కరణాలు రెండు లిపుల్లోనూ రాసేవాళ్లు. మీ ఊరి తెలుగు ఇంటి లెక్క ఆ కరణి రాతలోనే ఉండొచ్చు.

ప్రసంగంలో తప్పు చెప్పామని తర్వాత తెలిసింది.

వారంలోపల రెండు భాషల్లోనూ సవరణ రాసి, ప్రసంగం పెట్టిన హాలు గోడ మీద, వాట్సాప్ గుంపులో పెట్టండి. ఏం చెప్పాం, ఏది సరి, ఏ కాగితం చూసి తెలిసింది, ఎవరు చెప్పారు, ఈ నాలుగూ ఉండాలి. వీడియో ఉంటే దాని కింద మొదటి వరసలోనే రాయండి.